పొరుగువారి రావిచెట్టు
(మల్లట్‌లో మన సంఘసభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గతవారము మన సభ్యులొకరు మాయొద్దకు వచ్చి, పొరుగింటి చెట్టుకొమ్మ తమ యింటికప్పుపై వ్రాలుచున్నదనియు, రాత్రికి రాత్రి కొట్టించినచో నేమగుననియు అడిగిరి. మేమును ఒకప్పుడు అట్లే తలచి భంగపడితిమి గనుక, ఆ సంగతి సిగ్గు విడిచి చెప్పుచున్నాము.

మా గిడ్డంగి వెనుక ప్రహరీకి ఆవల ఒక రావిచెట్టు కలదు. దాని మొదట నాగప్రతిమలు నిలిపిన కట్ట. ఇచ్చటివారు నాగరకట్టె యందురు. ఆ స్థలము ఒక కన్నడ వృద్ధురాలిది. చిన్ననాటినుండి ఆమెను మేము అజ్జి యనియే పిలుతుము. పండుగనాడు ఆమె యింటి హోళిగె మా యింటికిని, మా బొబ్బట్లు ఆమె యింటికిని పోవుచుండును. రెండును ఒకటే వంటకము, అయినను ఇచ్చిపుచ్చుకొనుట మానలేదు.

ఒక వేసవి గాలివానకు ఆ చెట్టు పెద్దకొమ్మ పగులువారి మా రేకులపై వాలెను. దాని క్రిందనే హమాలీలు మూటలు దించుదురు. మేము భయపడి, అజ్జికి ఒక్కమాటయైనను చెప్పక, గొడ్డలి యిచ్చి ఒకనిని గోడ యెక్కించితిమి. రెండు వ్రేటులు పడునంతలో ఆమె వచ్చి క్రింద నిలిచినది. "తమ్మా, నీ గోదాము కట్టకమునుపే నాగప్ప ఇక్కడున్నాడు గదా" అని మాత్రమే అన్నది. అంతకన్న తిట్టినను బాగుండెడిది. మనిషిని దింపివేసితిమి.

పిమ్మట ఒక వకీలును ఆశ్రయించితిమి. హద్దుదాటి వచ్చిన కొమ్మను, పొరుగువాని నేలపై కాలు మోపకుండ, హద్దువరకు కోసికొను హక్కు కలదని 1894లో లండనునందలి ప్రభువులసభ లెమన్, వెబ్ అనువారి వ్యాజ్యములో తీర్పు చెప్పినదట. మన దేశపు న్యాయస్థానములును ఆ సూత్రమును గ్రహించినవి. అయితే కోసినది కోసినవానిది కాదు. 1919లో ఇంగ్లండున ఆపిలుపండ్లను గూర్చిన వ్యాజ్యములో ఈ సంగతి తేలినది. ఇది విని మేము మీసము దువ్వుకొనుచుండగా వకీలుగారు నవ్విరి. "అది మీకును మీ పొరుగువారికిని నడుమనున్న న్యాయము. ప్రభుత్వమునకు చెప్పవలసినది వేరు" అనిరి.

ఆ వేరైనది 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టము. దాని ప్రకారము వృక్షాధికారి అనుమతి లేక చెట్టు నరుకరాదు. మొదలంట కొట్టుటయే కాదు, చెట్టునకు హాని చేయు ఇతర కార్యములును 'నరుకుట' అను మాటలో చేరును. కొన్ని జాతులకు మినహాయింపు కలదు గనుక, మన చెట్టు ఏ కోవలోనిదో అటవీశాఖ రేంజి కార్యాలయమున ముందుగా అడుగుట మేలు. ప్రాణమునకో ఆస్తికో అపాయకరమైన చెట్టు విషయమున అనుమతి నిరాకరింపరాదని ఆ చట్టముననే యున్నది. కావున అర్జీలో "కొమ్మ అడ్డముగా నున్నది" అని వ్రాసినచో చాలదు. పగులు ఎచ్చట నున్నది, క్రింద నెవరు పనిచేయుదురు అను సంగతులు వ్రాసి, ఛాయాచిత్రము జతపరుపవలెను.

పొరుగువారు ససేమిరా యన్నచో? పడిపోయి జనులకు గాయము కలిగించునట్లున్న చెట్టును తొలగించుటకో, దానికి ఆధారము నిలుపుటకో కార్యనిర్వాహక మేజిస్ట్రేటు ఉత్తరువీయవచ్చును. పాత క్రిమినలు ప్రొసీజరు కోడులో ఇది 133వ సెక్షను. 2024 జులై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షను. మేము ఆ గడప త్రొక్కలేదు. త్రొక్కియున్నచో హోళిగె నాటితోనే ఆగిపోయెడిది.

అర్జీ ఏ భాషలో వ్రాయవలెనని మాలో చర్చ జరిగినది. రాయచూరు జిల్లా 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమున చేరినది మొదలు మన పెద్దలు ఈ ప్రశ్న నెరుగుదురు. రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఫిర్యాదు నిచ్చుకొను హక్కు రాజ్యాంగము 350వ అధికరణము మనకిచ్చినది. ఆ హక్కును వదలుకొనుమని మేమెన్నడును చెప్పము. కాని ఈ అర్జీని మేము కన్నడముననే వ్రాయించితిమి. దానిపై అజ్జి వ్రేలిముద్ర పడవలెను. తాను విని తెలిసికొనలేని కాగితముపై ఆమెను ముద్ర వేయుమనుట న్యాయమా?

ఆ కాగితము పట్టుకొని ఆమె యింటికి మూడుమారులు పోయితిమి. మొదటిమారు మజ్జిగ యిచ్చి పంపివేసినది. రెండవమారు తన భర్త ఆ ప్రతిమలను నిలిపిన కథ చెప్పినది. మూడవమారు మూడు షరతులు పెట్టినది: సోమవారముగాని అమావాస్యగాని కాకూడదు, ప్రతిమల మీది నీడ పోకూడదు, కొమ్మ వంటచెరకు కాకూడదు. అన్నిటికిని ఒప్పుకొంటిమి. అధికారి వచ్చి చూచి, పగిలిన కొమ్మకు మాత్రమే అనుమతి నిచ్చిరి. మేము రెండు కోరియుంటిమి. ఆయన నిర్ణయమే సరియైనదని ఇప్పుడు తోచుచున్నది.

కోయుటలోను పద్ధతి కలదు. ముందుగా జెస్కాం వారికి చెప్పి విద్యుత్తు ఆపించితిమి. కొమ్మను పైనుండి ఒక్కటే కోతగా కోసినచో బరువునకు చీలి, మ్రాని బెరడును క్రిందివరకు ఒలుచుకొనిపోవును. అందుచే మ్రానునకు మూరెడు దూరమున ముందు అడుగునుండి కొంత కోసి, పిదప దానికి కొంచెము ఆవల పైనుండి కోసి, త్రాళ్లతో దింపించితిమి. మిగిలిన మోడును చివరకు, కొమ్మ మొదట ఉబ్బెత్తుగా నుండు భాగమును గాయపరుపక, దాని వెలుపల కోయించితిమి. గాయమునకు తారు పూయ నక్కరలేదు, చెట్టు తానే మూసికొనును.

కొమ్మ అజ్జిదే. సన్నని పుల్లలను హోమ సమిధలకై గుడికి పంపినది, దుంగను కట్టప్రక్కన కూర్చుండుటకు వేయించినది. మొన్న మేము దానిపైననే కూర్చుంటిమి.

కన్నడ అర్జీ నకలు సంఘ కార్యదర్శియొద్ద ఉంచితిమి. కావలసినవారు చూచి వ్రాసికొనవచ్చును. అయితే దానిని పట్టుకొని మొదట పోవలసినది కార్యాలయమునకు కాదు, పొరుగింటికి.