మూడు నిమిషముల భోజనము

నేను జపాను దేశమందలి ఒసాకా నగరమున రెండు సంవత్సరములు విద్యార్థిగా నుంటిని. ప్రతి రాత్రియు మా అమ్మ టెలిఫోనులో మొట్టమొదట అడుగు ప్రశ్న యొక్కటియే: "నాయనా, ఏమి తింటివి?" నేను "అన్నము, పప్పు" అని చెప్పెడివాడను. అది అబద్ధము. నేను తినినది పొట్లములోని రామెన్. మరగునీట దానిని పడవేసి, మూడు నిమిషములు తాళి, పొయ్యి యొద్దనే నిలుచుండి తినివేసెడివాడను. ఆ అబద్ధమునుండి నన్ను తప్పించిన కొన్ని వంటయింటి మెలకువలను నేడు మీకు మనవి చేయదలచితిని.

రామెన్ అనగా గోధుమపిండితో చేసిన సన్నని నూడిల్సును వేడి రసములో వేసి తినెడి వంటకము. ఇది చైనా వంటనుండి పుట్టి జపానులో స్థిరపడినది. భోజనశాలలలో దీనికి వలయు రసమును ఎముకలు మొదలగువానిని గంటలకొలది కాచి తీయుదురు. అట్టి శ్రమ లేకుండ ఎవరింట వారు దీనిని చేసికొనుటకు వీలుగా, 1958వ సంవత్సరమున ఆండో మొమొఫుకు అను నాతడు ఒసాకా ప్రాంతమున తన యింటి వెనుకనున్న చిన్న కొట్టులో ఒక ఉపాయమును సాధించెను. ఉడికిన నూడిల్సును కాగిన నూనెలో వేచినచో అందలి నీరు ఆవిరియై పోవును. ఆ నీరు వెడలిన త్రోవలు సన్నని రంధ్రములుగా మిగులును. మరల వేడినీరు పోసినప్పుడు ఆ రంధ్రములగుండ నీరు లోనికి చొచ్చి నూడిల్సు మెత్తబడును. రహస్యమంతయు నింతియే. తొలినాడు ఆ పొట్లము వెల 35 యెన్లు. అంగడిలో దొరకు తాజా నూడిల్సుకంటె అది పలురెట్లు ప్రియము. నాడు ఖరీదైన వస్తువు, నేడు చేత డబ్బులేని విద్యార్థికి దిక్కైనది.

అయితే ఆ పొట్లములో నున్న దేమి? పిండి, నూనె, ఉప్పు. లేనిదేమి? ఆకుకూర లేదు, చాలినంత మాంసకృత్తులు లేవు. పెద్దలు దినమునకు 5 గ్రాములకంటె తక్కువ ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. జపాను పొట్లములు పెక్కింటిలో, రసముతో కూడ లెక్కించినచో, ఒక్కదానియందే 5 గ్రాములకు మించి ఉప్పు గలదు. దినమంతటి ఉప్పును ఒక్క పూటనే త్రాగివేయుచుంటి నని నాకు చాల దినములకు గాని తెలియలేదు.

మా పొరుగున ఒక వృద్ధురాలు నివసించుచుండెను. నేను చెత్తబుట్టలో వేయు ఖాళీ పొట్లములను చూచి యామె నవ్వలేదు, మందలింపను లేదు. ఒకనాడు పిలిచి ఇట్లనెను: "బాబూ, ఆ పొట్లమును అన్నమని యెంచుకొనుము. కూర నీవు చేసికొనవలెను." జపానువారి భోజనమునందును మనకువలెనే అన్నము వేరు, ఆధరువులు వేరు. ఆ యొక్క మాటతో నాకు దారి కనబడినది.

మొదటి సంగతి ఉప్పు. నూడిల్సును వేరు నీటిలో ఉడికించి ఆ నీటిని వంచివేయుడు. పైనున్న నూనె కొంత పోవును. రసమునకు వేరుగా నీరు కాచి, పొయ్యి ఆర్పిన పిమ్మట పొడిని సగమే కలుపుడు. రుచి తగ్గునని భయపడవలదు. కొంబు అను ఎండు సముద్రపు నాచుముక్కను ఆ నీటిలో ముందుగా అరగంట నాననిండు. ఆ నాచులోని రుచికి గ్లుటమేట్ అను పదార్థము కారణమని 1908వ సంవత్సరమున టోక్యో విశ్వవిద్యాలయాచార్యుడు ఇకెదా కికునాయె కనిపెట్టి, ఆ రుచికి ఉమామి యని పేరిడెను. ఎండు షీటాకె పుట్టగొడుగులను రాత్రి చన్నీట నానవేసి, ఆ నీటినిగూడ కలిపినచో రెండు రుచులును ఒకదాని నొకటి పెంచును. అప్పుడు తగ్గిన ఉప్పు నాలుకకు తోపదు. నాలుగు చుక్కల వెనిగరు కూడ ఇందుకు తోడ్పడును.

రెండవది కూర. జపానులో మిక్కిలి చౌకగా దొరకునవి పెసర మొలకలు. పెనము బాగుగ కాగిన తరువాత చెంచాడు నూనె, నలిపిన వెల్లుల్లి, తరిగిన క్యాబేజీ, మొలకలు వేసి, పెద్ద మంటపై ఒక నిమిషము మాత్రము త్రిప్పి, గిన్నెలో కుప్పగా పోయుడు. పాలకూర యైనచో వేరుగా ఉడికించి, పిండి, వేయవలెను. ఉల్లికాడలను చివర పచ్చిగానే చల్లవలెను. వకామె అను ఎండు నాచు చిటికెడు చాలును. నేను తొలినాడు పిడికెడు వేయగా అది నీట ఉబ్బి గిన్నెయంతయు ఆక్రమించినది!

మూడవది గ్రుడ్డు. బాగుగ గిలకొట్టి మరుగుచున్న రసములో సన్నని ధారగా పోసినచో పట్టుదారములవలె తేలును. లేదా గ్రుడ్డును నూడిల్సు నడుమ పగులగొట్టి, మూతపెట్టి, పొయ్యి ఆర్పి రెండు మూడు నిమిషములు ఉంచవచ్చును. మరగునీట ఏడు నిమిషములు ఉడికించి, చన్నీట వేసి ఒలిచినచో సొన మెత్తగా నుండును. గ్రుడ్డు తిననివారు టోఫు ముక్కలు వేసికొందురు గాక. కాని శాకాహారులు పొట్లముపై వ్రాతను తప్పక చదువవలెను; పొడిలో తరచుగా మాంసపు సారమో చేపల సారమో యుండును. అట్టిదైనచో దానిని పారవేసి, ఒక చెంచాడు మిసో, వేయించి దంచిన నువ్వులు కలిపికొనిన చాలును. మిసోలోను ఉప్పు గలదు గనుక కొలిచి వేయుడు.

ఇక పరిమళము. ఉత్తరమున సప్పొరో నగరపు మిసో రామెనులో మొక్కజొన్న గింజలు, చిన్న వెన్నముక్క వేయుట కలదు. చలిరాత్రులకు అది తగినది. వేసవిలో నూడిల్సును చన్నీట కడిగి, సన్నగా తరిగిన దోసకాయ, గ్రుడ్డట్టు పీలికలు పైన వేసి, సోయాసాసు, వెనిగరు కలిపి తినుట యింకొక పద్ధతి. ఏ కాలమునందైనను ఒక కూర, ఒక గ్రుడ్డు లేక టోఫు, ఒక పరిమళద్రవ్యము చాలును. ఇంటనున్నవన్నియు వేసినచో ఏ రుచియు మిగులదు.

ఒకనాటి రాత్రి అమ్మ యెప్పటివలె అడిగినది. "రామెన్, అమ్మా, పాలకూర, గ్రుడ్డు వేసికొంటిని" అంటిని. "పొట్లములోనిదా?" "అవునమ్మా. ఇన్నాళ్లు పప్పన్నమని చెప్పినది నిజము కాదు." అమ్మ కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "ఉప్పెంత వేసితివి?" అని యడిగినది. "సగమే." "సరే, చల్లారకముందే తినుము, నాయనా. కూర్చుండి తినుము."

శ్రోతలారా! మీ బిడ్డలును దూరపు ఊళ్లలో ఒంటిగా నుండి ఇట్టి పొట్లములు విప్పుచుండవచ్చును. వారిని పొట్లము మానుమని చెప్పినచో వారు మీకు అబద్ధము చెప్పుదురు. అందులో ఏ కూర వేసితివని అడుగుడు. సెలవు.