వెండి సిమెంటు తీయిస్తే ఆరోగ్యం బాగుపడుతుందా?

(సంఘ ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. సర్వీసంతా గుమాస్తాగా ఫైళ్ళు నడిపినవాణ్ణి. పాత కాగితాలు తిరగేసి, ఆధారం ఉంటేనే నోటు పెట్టడం మనకు అలవాటు గదా. ఈ విషయంలోనూ అంతే చేశాను.

మనలో చాలామంది పుచ్చుపళ్ళకు ఒకప్పుడు వెండి సిమెంటు పెట్టించుకున్నాం. పేరుకు వెండేగాని అందులో సుమారు సగం పాదరసం. తక్కినది వెండి, తగరం, రాగి. కీళ్ళనొప్పులకు, మతిమరుపుకు, నిద్ర పట్టకపోవడానికి అదే మూలమనీ, తీయించెయ్యమనీ మన సభ్యులు కొందరికి ఎవరో చెప్పారట. ఆరేడు పళ్ళకు తీయించి తొడుగులు వేయించాలంటే నెలల పెన్షను హరించుకుపోతుంది.

ఈ మాట కొత్తది కాదు. అమెరికాలో హాల్ హగ్గిన్స్ అనే దంతవైద్యుడు ఏళ్ళ తరబడి ఇదే ప్రచారం చేశాడు. 1990లో అక్కడి టెలివిజన్లో దీనిపై కార్యక్రమం రావడంతో భయం మరీ పాకింది. 1996లో కొలరాడో రాష్ట్రం ఆయన లైసెన్సు రద్దు చేసింది.

భయం పూర్తిగా నిరాధారమని నేననను. నమిలినప్పుడు ఆ సిమెంటు నుంచి పాదరసపు ఆవిరి అతి స్వల్పంగా వస్తుంది. తీయించినవారి ఒంట్లో కొన్నాళ్ళకు పాదరసం తగ్గుతుంది కూడా. కాని పాదరసం తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు.

జర్మనీలో ఒక పరిశోధన జరిగింది. 2008లో ప్రచురించారు. తమ బాధలకు ఈ సిమెంటే కారణమని నమ్మిన 90 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు సిమెంటు తీసేశారు. రెండో జట్టుకు తీసి, పైగా విటమిన్లు వగైరా ఇచ్చారు. మూడో జట్టుకు అసలు తీయలేదు, ఆరోగ్యంగా జీవించే పద్ధతులు నేర్పారు. ఏడాది తర్వాత చూస్తే మూడు జట్లవారికీ బాధలు తగ్గాయి! జట్టుకూ జట్టుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తీయనివారికీ తగ్గినప్పుడు, ఆ మేలును తీయించిన ఖాతాలో ఎలా జమకడతాం?

పిల్లల మీద అమెరికాలోనూ పోర్చుగల్‌లోనూ ఏళ్ళ తరబడి జరిపిన రెండు పరిశోధనలు 2006లో వచ్చాయి. వెయ్యిమందికి పైగా పిల్లలు. తెలివితేటల్లో తేడా కనిపించలేదు.

"మరి ఐరోపావారు 2025 జనవరి నుంచి ఎందుకు నిషేధించారండీ?" అని ఒక మిత్రుడు నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. ముఖ్యంగా పర్యావరణం కోసం. పాదరసం మురుగునీటిలోకి, చివరికి మనల్ని దహనం చేసినప్పుడు గాలిలోకి కూడా పోతుంది. ఆ నిషేధం కొత్తగా పెట్టడానికేగాని, నోట్లో ఉన్నవాటిని పీకించుకోమని కాదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా 2020లో గర్భిణులకు, పసిపిల్లలకు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి కొత్తగా పెట్టకపోవడం మంచిదంటూనే, బాగున్నవాటిని వైద్యపరమైన అవసరం లేకుండా తీయించవద్దని చెప్పింది. ఎందుకంటే తొలిచేటప్పుడే ఆవిరి ఎక్కువగా లేస్తుంది. గట్టి పన్ను కొంత అరిగిపోతుంది.

నాకు తెలిసిన ఒకాయన అరికాళ్ళ మంటలకని నాలుగు పళ్ళకు తీయించుకున్నారు. మంటలు పోలేదు. రక్తపరీక్షలో షుగరు బయటపడింది. ఈలోగా ఒక పన్నుకు రూట్ కెనాల్ అదనం. ఖర్చు కంటే, షుగరు తెలియకుండా గడిచిన ఆ నెలల గురించే నా బాధ.

కాబట్టి మతిమరుపో నీరసమో ఉంటే ముందు షుగరు, థైరాయిడ్, బి12 చూపించుకోండి. సిమెంటు పగిలినా, కింద మళ్ళీ పుచ్చినా, పక్కన చర్మం పొక్కినా తీయించవలసిందే. అప్పుడు పన్ను చుట్టూ రబ్బరు తెర కట్టి, నీళ్ళు చిమ్ముతూ, గొట్టంతో పీలుస్తూ తీస్తారా అని డాక్టరుగారిని అడగండి. ముందు ఏదో మందు మింగించి, తర్వాత మూత్రంలో పాదరసం చూపించే పరీక్షను మాత్రం నమ్మకండి. ఆ మందు వేస్తే ఎవరికైనా అంకె పెరుగుతుంది.

భోజనాలకు ఇంకా పావుగంట ఉందని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. సెలవు.