టౌన్ అంటే ఒకప్పుడు కంచె! మరి పేట అంటే?

ఈరోజు ఎపిసోడ్ అంతా ఒక్క మాట మీదే. "టౌన్".

అల్లవరం వాళ్లు "టౌన్‌కెళ్తున్నా" అంటే అమలాపురమే. కానీ వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీష్‌లో ఈ మాట "తూన్". అర్థం, చుట్టూ కంచె కట్టిన చోటు. మన కొబ్బరాకుల దడి గుర్తు తెచ్చుకోండి, అలాంటిదే. దీనికి చుట్టమైన జర్మన్ మాట "త్సౌన్"కి ఇప్పటికీ కంచె అనే అర్థం. డచ్ వాళ్ల దగ్గర అదే మాట తోట అయిపోయింది.

ఇంగ్లీష్‌లో ఏమైందంటే, ముందు కంచె లోపలున్న పెరడు, తర్వాత ఇల్లూ పొలమూ కలిపి, తర్వాత కొన్ని ఇళ్లున్న పల్లె, చివరికి పెద్ద ఊరు. కోడింగ్ భాషలో చెప్పాలంటే వేరియబుల్ పేరు దాదాపు అదే, లోపల వేల్యూ మారుతూ వచ్చింది. వాషింగ్టన్, బ్రైటన్ చివర్లో ఉన్న "టన్" కూడా ఇదేనండి.

ఈ మార్పు ఒక్క రోజులో జరగలేదు. పెళ్లి విందుకి రాజు పిలిస్తే రానివాళ్ల కథ బైబిల్లో ఉంది కదా. 14వ శతాబ్దంలో విక్లిఫ్ పేరుతో వచ్చిన ఇంగ్లీష్ బైబిల్లో, ఆ పిలిచినవాళ్లలో ఒకడు తన "టౌన్"కి వెళ్లిపోతాడు. అంటే సిటీకి కాదు, పొలానికి!

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అమలాపురంలో "పురం" ఉంది. వేదకాలపు సంస్కృతంలో "పుర్" అంటే కోట, రక్షణగా కట్టిన గోడ. అంటే "అమలాపురం టౌన్" అన్నప్పుడల్లా ఒక గోడ, ఒక కంచె పలుకుతున్నామన్నమాట. "సీమ" కూడా అంతే. మొదటి అర్థం హద్దు. తర్వాత హద్దు లోపలి నేల. అదే మన కోనసీమ.

మరి "పేట"? పాత రోజుల్లో కోట గోడకి బయట, వ్యాపారాలతో పెరిగిన బస్తీని పేట అనేవారు. కొత్తపేట, అంబాజీపేట లాంటి పేర్లలో ఉన్నది ఆ మాటే. కానీ మన పల్లెల్లో "పేట" అంటే చాలాచోట్ల దళితులుండే వాడ. పేటలో ఉండే మనిషి నాలుగడుగులు వేసి "ఊళ్లోకెళ్లొస్తా" అంటాడు. అదే పంచాయతీ, అదే పిన్‌కోడ్. అయినా పేట ఊరు కాదా?

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా వచ్చింది. దానికి అంబేడ్కర్ పేరు చేర్చాలన్నప్పుడు మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి, మన ఫోన్లలో నెట్ ఆగిపోయింది. తర్వాత పేరు ఖరారైంది. ఒక పేరు ఎవరిని లోపల ఉంచుతుంది, ఎవరిని బయట ఉంచుతుంది అన్నది ఉత్త డిక్షనరీ విషయం కాదండి.

టౌన్‌లో కంచె ఎప్పుడో పోయింది, మాట మాత్రం మిగిలింది. మన మాటల్లో కంచె ఇంకా ఉంది. మాట అర్థాన్ని మార్చేది డిక్షనరీ రాసేవాళ్లు కాదు, రోజూ దాన్ని వాడే మనమే. "మా ఊరు" అన్నప్పుడు పేటని కూడా కలిపి అంటున్నామా? ఒకసారి చూసుకోండి.

మీ ఊళ్లో "ఊరు" ఎక్కడ ఆగుతుంది, "పేట" ఎక్కడ మొదలవుతుంది? పెద్దవాళ్లని అడిగి కింద రాయండి. మళ్లీ కలుద్దాం, ఉంటానండి!