సర్ థామస్ మన్రో: లెక్కలు, లేఖలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

కావ్యములను గూర్చి మాటలాడుమని మిత్రులు నన్ను కోరిరి. నేను గురుముఖమున చదివినవాఁడను కాను. నిఘంటువును చెంత నుంచుకొని, రాత్రులు దీపము వద్ద కూడఁబలుకుకొని చదివినవాఁడను. నా వృత్తి గ్రామపు లెక్కలు వ్రాయుట. కావున లెక్కలును లేఖలును గూడ వ్రాసిన ఒక పాలకుని గూర్చి విన్నవించెదను. ఆయన సర్ థామస్ మన్రో.

1761లో స్కాట్లండునందలి గ్లాస్గోలో జన్మించిన మన్రో కంపెనీ సైన్యమున చేరి మదరాసునకు వచ్చెను. 1800లో నైజాము మన సీమను కంపెనీకి దత్తము చేయఁగా, ఈ దత్త మండలములకు ప్రధాన కలెక్టరై అనంతపురమున నివసించెను. ఏడేండ్లలో పెక్కు దినములు గుడారములలోనే గడపి, ఊరూరు తిరిగెను. పాలెగాండ్ర నణఁచెను. 1802లో భూముల కొలత ప్రారంభించెను. గొలుసు పొడవు 33 అడుగులు. గొలుసు చదరము గుంట. 40 గుంటలు ఎకరము. గ్రామ కరణములు చూపిన లెక్కలను ఆయన సులభముగ నమ్మలేదు. ఈ మాట దాఁచుట నాకు తగదు.

కొలత ముగిసిన పిమ్మట 1807లో ఆయన చేసిన సిఫారసు మఱింత గొప్పది. తాను నిర్ణయించిన శిస్తే రైతునకు భారమనియు, నూటికి 25 వంతున తగ్గింపవలెననియు పైవారికి వ్రాసెను. పైవారు వినలేదు. గ్రామములను గుత్తకిచ్చిరి. గుత్తదారులు పెక్కురు చితికిరి. వారితోఁబాటు రైతులును చితికిరి. 1820లో మన్రోయే మదరాసు గవర్నరై వచ్చిన పిమ్మట గాని రైతువారీ పద్ధతి మరల నిలువలేదు, శిస్తు తగ్గలేదు.

ఒక కరువేఁడు పంట లేని చేనికి పంట వ్రాసిన తప్పు నేనును చేసితిని. ఆ వృద్ధ రైతు నా యింటి అరుగుపై కూర్చుండి ఒక్క మాటయు అనక లేచిపోయెను. ఆ తప్పు దిద్దుటకు నాకు రెండేండ్లు పట్టెను. అంకె వ్రాయుట క్షణము. దానిని కొట్టివేయుటకు ధైర్యము కావలయును.

మన్రో లేఖలు ఆయన జీవితచరిత్రతోఁబాటు 1830లో అచ్చయినవి. తండ్రికి, చెల్లెలికి, భార్యకు వ్రాసిన జాబులలో అధికారి కనఁబడఁడు, మనుష్యుఁడు కనఁబడును. 1826లో భార్య చిన్న కుమారునితో సీమకు వెళ్లిన పిమ్మట, బిడ్డ లేని గిండీ భవనమును తలఁచుకొని వ్రాసిన జాబు చదివినచో కన్ను చెమర్చును. 1824 డిసెంబరు 31 నాఁటి రాజ్యలేఖయందు, దేశీయులను ఉన్నతోద్యోగములకు దూరముంచుట జాతినే దిగజార్చుననియు హెచ్చరించెను.

ఆయన విదేశీయ ప్రభుత్వపు సేవకుఁడని మఱువరాదు. మన పన్నుతోనే ఆ ప్రభుత్వము బలిసినది. అయినను ఆయన ఒక ప్రశ్న అడిగెను: ఈ దేశమున చదువెంత? 1822లో జిల్లాలన్నిటినుండి లెక్కలు తెప్పించెను. మనము అప్పుడు బళ్లారి జిల్లాలో నుంటిమి. ఆ జిల్లాలో జనము 9 లక్షలకు పైఁబడి యుండఁగా, బడులు 533, విద్యార్థులు 6,641. వారిలో బాలికలు 60 మంది మాత్రమే! బిడ్డలను బడికి పంపు శక్తి పేదఱికముచే సన్నగిల్లుచున్నదని కలెక్టరు వ్రాసెను.

1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరా సోఁకి మన్రో మరణించెను. మన పొరుగుననున్న గుత్తిలో పాతిపెట్టిరి. 1831లో అస్థులను మదరాసునకు తరలించిరి. ఈ ప్రాంతపు రైతులు బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడుకొనిరి.

సోదరులారా! మన గ్రంథాలయమునకును ఒక లెక్క పుస్తకమున్నది. అందు చందాదారుల పేళ్లును, పోయిన పుస్తకముల పట్టికయు ఉన్నవి. ఇంటికి పుస్తకము తీసికొనిపోవు బాలికల సంఖ్యను గూడ ప్రతి సంవత్సరము అందు వ్రాయవలెనని నా ప్రార్థన. ఆ అంకె తక్కువగా నున్నచో మన తప్పును మనమే యొప్పుకొని దిద్దుకొందము.