రాయి మునిగితే నీటి మట్టం పెరుగుతుందా, తగ్గుతుందా?



ఈ పాఠానికి పుస్తకం అవసరం లేదు. ఒక పెన్సిలు, చిన్న కాగితం ముక్క దగ్గర పెట్టుకోండి, చాలు. నేనొక ప్రశ్న అడుగుతాను. బాగా ఆలోచించి జవాబును ఆ కాగితం మీద రాయండి. పక్కవారి కాగితంలోకి చూడకూడదు, తర్వాత దిద్దుకోకూడదు. తప్పు రాసినా ఫరవాలేదు, రాయకుండా మాత్రం ఉండకండి. ఎందుకో చివర్లో చెబుతాను.

ప్రశ్న ఇది. ఒక సిమెంటు తొట్టి ఉంది. దాని పొడవు 2 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు. అందులోని నీళ్లపై ఒక చిన్న పడవ తేలుతోంది. పడవలో 26 కిలోల గ్రానైట్ రాయి ఉంది. నీటి మట్టం ఎక్కడుందో గోడ మీద సుద్దముక్కతో గీత గీశాం. ఇప్పుడు రాయిని పడవలోంచి తీసి నీళ్లలోకి వదిలాం. అది బుడుంగున మునిగి అడుక్కి చేరింది. పడవ తేలుతూనే ఉంది. అలలు సద్దుమణిగాక చూస్తే నీటి మట్టం గీతకు పైన ఉంటుందా, కింద ఉంటుందా, సరిగ్గా గీత దగ్గరే ఉంటుందా?

రాశారా? అయితే ముందుకు వెళదాం.

మీలో చాలామంది "పైన ఉంటుంది" అని రాసి ఉంటారు. దాహం వేసిన కాకి కుండలో గులకరాళ్లు వేసి నీళ్లు పైకి తెప్పించుకున్న కథ మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు కదా! మరికొందరు "మార్పు ఉండదు" అని రాసి ఉంటారు. రాయి మొదట్లోనూ తొట్టిలోనే ఉంది, ఇప్పుడూ తొట్టిలోనే ఉంది, మార్పు ఎందుకు రావాలి అన్నది వీరి వాదం. రెండు వాదాలూ వినడానికి బాగానే ఉన్నాయి. కానీ రెండూ సరికావు. నీటి మట్టం తగ్గుతుంది.

తప్పు రాసినవారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఈ ప్రశ్నకు జార్జ్ గామోవ్, రాబర్ట్ ఓపెన్‌హైమర్, ఫెలిక్స్ బ్లాక్ వంటి గొప్ప భౌతిక శాస్త్రవేత్తలు కూడా పొరపాటు జవాబు చెప్పారని అమెరికా భౌతిక శాస్త్ర ఉపాధ్యాయుడు జెర్ల్ వాకర్ తన పుస్తకంలో రాశారు. కాబట్టి ఇది తెలివితేటలకు సంబంధించిన విషయం కాదు. తొందరపడకుండా సరైన ప్రశ్న వేసుకోవడానికి సంబంధించిన విషయం.

ఆ సరైన ప్రశ్న ఏమిటి? "రాయి బరువును ఎవరు మోస్తున్నారు?"

సుమారు 2200 ఏళ్ల క్రితం సిరక్యూస్ నగరంలో జీవించిన ఆర్కిమెడిస్ మనకు చెప్పినది ఇదే. నీటిలో ఉన్న వస్తువును నీరు పైకి నెడుతుంది. ఆ ఉత్ప్లవన బలం, వస్తువు తొలగించిన నీటి బరువుకు సమానం. వస్తువు తేలుతోందంటే దాని బరువంతటినీ నీరే మోస్తోందన్నమాట. అంటే అది తన బరువుకు సమానమైన నీటిని తొలగించాలి. మునిగి అడుక్కి చేరిన వస్తువు మాత్రం తన ఘనపరిమాణానికి సరిపడా నీటినే తొలగించగలదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. రాయి పడవలో ఉన్నప్పుడు దాని బరువును పడవ మోస్తోంది, పడవను నీరు మోస్తోంది. రాయి కారణంగా పడవ ఇంకొంచెం కిందికి దిగి, అదనంగా 26 కిలోల నీటిని తొలగించింది. ఒక లీటరు నీరు ఒక కిలో కాబట్టి అది 26 లీటర్లు.

రాయి అడుక్కి చేరాక ఏమైంది? గ్రానైట్ సాంద్రత నీటి సాంద్రతకు సుమారు 2.6 రెట్లు. కాబట్టి 26 కిలోల రాయి ఘనపరిమాణం 10 లీటర్లు. అది తొలగించే నీరు కూడా 10 లీటర్లే. మొదట 26 లీటర్లు, ఇప్పుడు 10 లీటర్లు. తేడా 16 లీటర్లు. తొట్టి వైశాల్యం 4 చదరపు మీటర్లు కనుక నీటి మట్టం 4 మిల్లీమీటర్లు తగ్గుతుంది.

ఇదే విషయాన్ని మరో విధంగా చూడండి. మొదట 26 కిలోల భారాన్నీ నీరే మోసింది. ఇప్పుడు నీరు మోస్తున్నది 10 కిలోలే. మిగిలిన 16 కిలోలను తొట్టి అడుగు మోస్తోంది. నీటికి భారం తగ్గింది, మట్టమూ తగ్గింది. మరి కాకి కథ అబద్ధమా? కాదు. కాకి వేసిన రాళ్లు కుండ బయటి నుంచి వచ్చాయి. అంతకుముందు అవి కుండలో ఒక్క చుక్క నీటినైనా తొలగించలేదు. మన రాయి పడవలో ఉండగానే 26 లీటర్లను తొలగించింది. తేడా అంతా అక్కడే ఉంది.

సూత్రం నిజంగా అర్థమైందో లేదో తెలియాలంటే ప్రశ్నను కొద్దిగా మార్చి చూడాలి. రాయికి బదులు కొయ్యదుంగను నీళ్లలోకి వదిలితే? పడవలో ఉన్నా, విడిగా తేలినా దుంగ బరువును నీరే మోస్తుంది. మట్టం మారదు. పడవలో ఉన్న ఒక బిందె నీళ్లను తొట్టిలో ఒంపేస్తే? అప్పుడూ మారదు.

ఇప్పుడు కాస్త గడుసు ప్రశ్న. రాయిని వదిలేయకుండా, తాడు కట్టి పడవ అంచు నుంచి నీళ్లలోకి దించాం. అది అడుగును తాకకుండా వేలాడుతోంది. మట్టం తగ్గుతుందా? తగ్గదు! తాడు ద్వారా పడవ రాయిని ఇంకా పట్టుకునే ఉంది. పడవ, రాయి కలిసి ఒకే తేలే వస్తువు. మొత్తం బరువు నీటిదే. తాడును ఇంకా వదులుతూ పోతే, రాయి అడుగుకు ఆని, తాడు సడలినప్పుడు మాత్రమే మట్టం 4 మిల్లీమీటర్లు తగ్గుతుంది. తాడు ఎంతసేపు బిగువుగా ఉందో చూస్తే, ఎవరు మోస్తున్నారో తెలిసిపోతుంది.

"ఇది తొట్టి లెక్క, దీనివల్ల మనకేం ఉపయోగం?" అని మీరు అడగవచ్చు. ఇప్పుడు తొట్టి బదులు సముద్రాన్ని ఊహించుకోండి.

ఒక గ్లాసు నిండా అంచుల వరకు నీళ్లు, పైన తేలే మంచుముక్క. మంచు కరిగితే నీళ్లు పొర్లిపోతాయా? పొర్లవు. తేలే మంచు తన బరువుకు సమానమైన నీటిని ముందే తొలగించింది. కరిగాక సరిగ్గా అంత చోటునే నింపుతుంది. సముద్రం విషయంలో చిన్న తేడా ఉంది. ఉప్పునీటి సాంద్రత కొంచెం ఎక్కువ కాబట్టి 1000 కిలోల మంచు సుమారు 975 లీటర్ల ఉప్పునీటినే తొలగిస్తుంది. కరిగితే 1000 లీటర్ల మంచినీరు వస్తుంది. అంటే పెరుగుదల స్వల్పం.

2017 జూలైలో అంటార్కిటికాలోని లార్సెన్-సి మంచు పలక నుంచి సుమారు 5800 చదరపు కిలోమీటర్ల మంచుఖండం విడిపోయింది. సముద్రం అమాంతం పెరగలేదు. ఎందుకంటే అది అప్పటికే తేలుతోంది. దాని బరువును అప్పటికే సముద్రం మోస్తోంది.

గ్రీన్‌లాండ్ సంగతి వేరు. అక్కడి మంచు నేల మీద ఉంది. దాన్ని మోస్తున్నది భూమి, సముద్రం కాదు. అది కరిగి సముద్రంలో చేరితే కాకి వేసిన గులకరాయి లాంటిదే. గ్రీన్‌లాండ్ మంచు మొత్తం కరిగితే ప్రపంచ సముద్ర మట్టం సుమారు 7 మీటర్లు పెరుగుతుందని అంచనా. అంటార్కిటికా నేల మీది మంచు అంతా కరిగితే సుమారు 58 మీటర్లు. ఇదంతా రేపో ఎల్లుండో జరిగేది కాదు. కానీ అందులో నూరవ వంతు కరిగినా లెక్కలోకి వస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లోని పల్లపు పొలాలకు, సుందర్బన్‌లకు, పొరుగున ఉన్న బంగ్లాదేశ్ తీరానికి కొన్ని పదుల సెంటీమీటర్లు కూడా చిన్న సంగతి కాదు.

అయితే తేలే మంచు కరిగితే ఏమీ కాదని ధీమాగా ఉండవచ్చా? అదీ కుదరదు. తేలే మంచు పలకలు వెనకనున్న హిమానీనదాలకు అడ్డుగోడల్లా నిలుస్తాయి. 2002లో లార్సెన్-బి పలక ముక్కలైన తర్వాత దాని వెనకనున్న హిమానీనదాలు మునుపటికన్నా వేగంగా సముద్రంలోకి జారాయి. పలక వల్ల మట్టం పెరగలేదు. అది ఆపి ఉంచిన మంచు వల్ల పెరుగుతుంది.

ఇక మీ ఇంటి పని. ఒక బకెట్‌లో సగానికి పైగా నీళ్లు పోసి స్టీలు గిన్నెను తేలనివ్వండి. అందులో అర కిలో ఇనుప తూకం రాయి పెట్టి, బకెట్ గోడ మీద నీటి మట్టాన్ని గుర్తుపెట్టండి. తర్వాత తూకం రాయిని నెమ్మదిగా నీళ్లలోకి దించండి. గిన్నెలోకి మాత్రం నీళ్లు రాకూడదు. బకెట్ వ్యాసం 25 సెంటీమీటర్లు ఉంటే మట్టం దాదాపు 9 మిల్లీమీటర్లు తగ్గాలి. ఆ అంకె ఎలా వచ్చిందో మీరే లెక్కగట్టండి. మరో ప్రశ్న: గ్లాసులో తేలుతున్న మంచుముక్క మధ్యలో ఒక గాజు గోళీ గడ్డకట్టి ఉంది. మంచంతా కరిగాక మట్టం ఏమవుతుంది? గోళీని ముందు ఎవరు మోశారు, తర్వాత ఎవరు మోశారు? జవాబు అందులోనే ఉంది.

చివరిగా ఆ కాగితం ముక్క సంగతి. జవాబు విన్న తర్వాత "ఇది నాకు ముందే తెలుసు" అనిపించడం మనిషి సహజ గుణం. కాగితం మాత్రం అబద్ధం చెప్పదు. మీరు తప్పు రాసి ఉంటే దాన్ని చింపేయకండి. పక్కనే, ఎక్కడ పొరబడ్డారో ఒక్క వాక్యంలో రాసి పుస్తకంలో దాచుకోండి. మార్కులు తెచ్చే జవాబుకన్నా ఆ ఒక్క వాక్యమే మీకు ఎక్కువ భౌతిక శాస్త్రం నేర్పుతుంది.