రాజ్యాంగ సభలో దుర్గాబాయి



1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల వేళ, ఖద్దరు ప్రదర్శనశాల ద్వారముకడ నిలిచిన పదునాలుగేండ్ల స్వచ్ఛంద సేవిక, టిక్కెట్టు లేదని సాక్షాత్తు జవహర్‌లాల్ నెహ్రూనే అడ్డగించి, నిర్వాహకులు టిక్కెట్టు కొనిచ్చిన పిదపగాని లోనికి విడువలేదు. నియమము ఎల్లరకును ఒక్కటియే యను ఆ పట్టుదలయే, రాజమండ్రిలో 1909లో జన్మించిన దుర్గాబాయిని న్యాయవాదినిగను, 1946లో మద్రాసు నుండి రాజ్యాంగ సభ సభ్యురాలినిగను తీర్చిదిద్దినదని నా విశ్వాసము.

ప్రాథమిక హక్కులకు భంగము కలిగినప్పుడు పౌరుడు తిన్నగా సుప్రీంకోర్టును ఆశ్రయించు హక్కు ఎంత అమూల్యమైనదో ఆ సభలో ఆమె నొక్కి వక్కాణించిరి. స్త్రీకి ఆస్తిలో భాగము ఉండవలెనని వాదించిరి. ఎనిమిదవ యేటనే పెండ్లి జరిగిన ఆ తల్లికి, ఆడపిల్ల నిస్సహాయత పుస్తకములలో చదివి తెలిసికొన్నది కాదు. చదువునకు దూరమైన వనితలకై మద్రాసులో ఆంధ్ర మహిళా సభను 1937లోనే నెలకొల్పియుండిరి.