ఎండను కొలిచిన కొలువు



రెంటచింతలలో పుట్టిన నాకు ఎండ కొత్త గాదు. రోహిణీకార్తెలో నాపరాళ్లపై ఉత్తకాళ్లతో నడచినవాడనే. కాని వాతావరణ పరిశీలకుడనై వేరొక ఊరి కేంద్రమున చేరిన నాడు, ఎండను గూర్చి నాకేమియు తెలియదని తేలినది.

అచ్చట ఉష్ణమాపకమును ఎండలో పెట్టరు! నేలకు సుమారు 4 అడుగుల ఎత్తున, గాలి యాడు తెల్లని చెక్కపెట్టెలో నీడను ఉంచుదురు. ఎండ తగిలినచో అది గాలి వేడిమిని విడిచి తన వేడిమినే చూపును. గడియారమును అట్టిదే. మనకు ఉదయము 8.30 అయినపుడు దేశదేశముల పరిశీలకుల ఉమ్మడి కాలము 3 గంటలు. అందరును ఒక్క క్షణముననే చూడవలెను గదా! కొన్నాళ్లు నిద్రలోను ఐదున్నర గంటలు తీసివేయుచుంటిని.

ఒక మే నెల సాయంకాలము గరిష్ఠమాపకమున 41 డిగ్రీలుండగా 46 అని వ్రాసితిని. మా ఊరి ఎండ కన్నులలో నున్నది కాబోలు! జ్వరము చూచు థర్మామీటరువలె దానిని విదిలించి పాదరసమును దించితిని. ఇక సాక్ష్యము లేదు. అంకె పై కేంద్రమునకు పోవు వేళ నా పై యధికారి సందేహించి, పెట్టెలోనే యొక కలము తనంతట గీయుచుండు కాగితమును తీసి చూపెను. గీత 41 దగ్గరనే ఆగియున్నది. నేను రబ్బరుకై చేయి చాపితిని. ఆయన వారించి, తప్పు కనబడునట్లే అడ్డముగా ఒక గీత కొట్టించి, పైన సరియైన అంకె వ్రాయించి, ప్రక్కన నా చేవ్రాలు పెట్టించెను. ఉద్యోగము నాకు ఆ సాయంకాలమే పట్టుబడినది.

ఊరికి పోయినప్పుడెల్ల రచ్చబండపై పెద్దలు "ఏమోయి, యాభై దాటినదా?" అని అడుగుదురు. పుస్తకములోని అంకె చెప్పుదును. వారికి నచ్చదు.